దవడపన్ను మీద తువ్వాలు

ఒకప్పుడు పళ్ళ మీద పాచి ఉండేది కాదు. మనుషులు పొద్దున్నే లేచి, ముఖాన నాలుగు నీళ్ళు చల్లుకుని, నేరుగా చద్దన్నం ముందు కూర్చునేవారు. పళ్ళు తోముకోవడమనే పనే లోకంలో లేదు. వేపచెట్లకు పుల్లలు ఉండేవి గాని, వాటిని నోట్లో పెట్టుకోవాలని ఎవరికీ తోచలేదు.

అలాగని నోరు ఖాళీగా ఉండేదనుకోకండి. కంటికి కనబడని నలుసుజీవులు అప్పుడూ ఉన్నాయి. అవి ఉమ్మిలో ఈదుతూ బతికేవి. వాటికి ఒక కట్టుబాటు ఉండేది. పెళ్ళిలో బంతిభోజనం ఎలా సాగుతుందో అలాగే. పంటి మీద కూర్చోవాలి, దొరికింది తినాలి, లేవాలి. అప్పుడు తరవాతి బంతివాళ్ళు కూర్చుంటారు. తిన్నాక కూడా కదలకుండా కూర్చోవడం సిగ్గుమాలిన పని అని నలుసుజీవులకు తెలుసు. మనుషుల్లో చాలామందికి ఇప్పటికీ తెలియదు.

ఈ సంగతి వరహాలు అనే బెల్లం వండేవాడి నోట్లో జరిగింది.

ఆ నోటికి పెద్దదిక్కు నాలుక. నలుసుజీవులన్నీ ఆమెను పెద్దమ్మా అని పిలిచేవి. కింది వరసలో కుడివైపు చివర నుంచి రెండో పన్ను దవడయ్య. అతను పుట్టినప్పటినుంచి ఉన్న చోటు నుంచి వెంట్రుకవాసి కదలలేదు, అదే తన గొప్ప అనుకునేవాడు. నెత్తి విశాలంగా ఉండడం వల్ల అందరికీ అతని మీద కూర్చుని తినడమంటేనే ఇష్టం.

నలుసుజీవుల్లో పూసమ్మది పద్ధతిగల కుటుంబం. వాళ్ళు పూసలదండలాగా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వరసలో నడిచేవారు. నలుసుజీవులు పిల్లల్ని కనవు, మధ్యకు చీలి ఇద్దరవుతాయి. పొద్దున ఒక్క పూసమ్మ ఉంటే మధ్యాహ్నానికి వేలమంది పూసమ్మలు. అందులో అక్క ఎవరో, కూతురెవరో వాళ్ళకే తెలియదు. "అమ్మా" అని ఒకతె పిలిస్తే వెయ్యిమంది "ఏమే" అనేవారు. ఆ వెంటనే ఆ వెయ్యిమందీ ఒకరినొకరు చూసుకుని "అమ్మా" అనేవారు. ఇలాగే సగం పూట గడిచిపోయేది.

పులుసయ్యది ఇంకో కుటుంబం. వాళ్ళు తీపి తిని పులుపు కక్కుతారు. తీపితో జిగురుదారం తీసి, దానితో తువ్వాళ్ళు నేసుకుని భుజాన వేసుకుంటారు. వాళ్ళను చూసి మిగతా నలుసుజీవులూ ఆ నేత నేర్చుకున్నాయి. చేతిలో పని ఉండడం మంచిదే. ఆ పని ఎందుకు చేస్తున్నామన్నది కూడా చూసుకోవాలి.

ఆ ఏడు చెరుకు విరగపండింది. వరహాలు పెనం కింద మంట ఆరలేదు. పాకం అయిందో లేదో తెలియాలంటే గరిటెతో కాస్త తీసి నీళ్ళలో వెయ్యాలి. ఉండ కడితే దించాలి. చూడ్డానికి ఒక ఉండ చాలు. వరహాలు ఇరవై ఉండలు చూసేవాడు, చూసిన ప్రతి ఉండనూ నోట్లో వేసుకునేవాడు.

"ఏటి మావా, పాకం చూత్తన్నావా, పాకంతో పొట్ట నింపుకుంతన్నావా?" అనేది అతని భార్య నూకాలు.

"ఓలే, పనోడు పని సెయ్యాలా వద్దా?" అనేవాడు వరహాలు, ఇరవై ఒకటో ఉండ చప్పరిస్తూ.

నోట్లోకి తీపి వరదలా వచ్చింది. ఆ రోజు మొదటి బంతిలో పులుసయ్య దవడయ్య మీద కూర్చుని కడుపు పగిలేలా తిన్నాడు. ఇక లేవాలి. లేచాడు కూడా. కాని లేస్తూ లేస్తూ భుజం మీది తువ్వాలు తీసి దవడయ్య నెత్తి మీద పరిచాడు.

"ఇదేమిటి?" అన్నాడు దవడయ్య.

"తువ్వాలు."

"అది కనబడుతూనే ఉంది. ఎందుకు?"

"బుగ్గ దాకా వెళ్ళొస్తాను. ఈలోగా ఎవరైనా కూర్చుంటారేమోనని."

"కూర్చోవాలి కదయ్యా! వాళ్ళ బంతి వచ్చింది."

"నేను లేచాను. నా తువ్వాలు ఇంకా తింటోంది," అని చెప్పి పులుసయ్య వెళ్ళిపోయాడు.

దవడయ్య చాలాసేపు ఆలోచించాడు. తువ్వాలు తినడం ఎక్కడా చూడలేదు. కాని తాను ఉన్న చోటు నుంచి కదలనివాడు, లోకంలో ఎక్కడెక్కడ ఏమేమి తింటున్నాయో తనకేం తెలుసు? నోరు మూసుకున్నాడు.

రెండో బంతికి పూసమ్మ వరసగా వచ్చింది. తువ్వాలు చూసి ఆగింది.

"కాస్త జరగండి," అంది తువ్వాలుతో.

తువ్వాలు జరగలేదు.

"వినబడలేదేమో, గట్టిగా అను," అంది వెనకాలి పూసమ్మ.

"కాస్త జరగండి!" అని వేలమంది ఒక్కసారి అరిచారు. ఆ కేకకు వరహాలుకు తుమ్మొచ్చింది. తువ్వాలు మాత్రం అలాగే ఉంది.

పూసమ్మ నాలుక దగ్గరికి వెళ్ళింది. "పెద్దమ్మా! మా బంతిలో ఎవరిదో తువ్వాలు కూర్చుంది. తీసెయ్యమంటారా?"

నాలుకకు ఆ రోజు తీరిక లేదు. వరహాలు ఒకపక్క మాట్లాడుతూ, ఒకపక్క ఉండలు చప్పరిస్తూ ఆమెను ఊపిరాడనివ్వడం లేదు. "పరాయివాళ్ళ తువ్వాలు ముట్టుకోకూడదు. అది కట్టుబాటు," అంది హడావిడిగా.

"ముట్టుకోను పెద్దమ్మా. చచ్చినా ముట్టుకోను. దాని మీద నాది వేసుకోవచ్చా?"

"దాని గురించి కట్టుబాటులో ఏమీ లేదు," అంది నాలుక. అని, ఇంకో ఉండ వైపు తిరిగింది.

పూసమ్మ మంచిది. ఒకరి సొమ్ము ఎన్నడూ తాకలేదు. ఆ రోజు కూడా తాకలేదు. పులుసయ్య తువ్వాలు మీద తన తువ్వాలు జాగ్రత్తగా, అంచులు సమంగా పరిచి, దాని మీద కూర్చుని తిన్నది. లేచి వెళ్ళేటప్పుడు తీసుకుందామనుకుంది. కాని పులుసయ్య తీయనప్పుడు తానెందుకు తీయాలనిపించింది. తప్పు చేసినవాడిని చూసి తన పద్ధతి మార్చుకుంది చూశారా, అక్కడ చెడింది వ్యవహారం.

పులుసయ్య తిరిగొచ్చాడు. వెళ్ళినప్పుడు ఒక్కడు, వచ్చేటప్పటికి రెండువందలమంది.

"నా తువ్వాలు మీద ఈ తువ్వాలు ఎవరిది?"

"నాది," అంది పూసమ్మ.

"తియ్యి."

"నీది తీస్తే నాది తీస్తాను."

"నాది కింద ఉంది! నీది తియ్యకుండా నాది ఎలా తియ్యను?"

"అది నీ బాధ. ముందు వేసినవాడివి నువ్వు."

పులుసయ్య రెండువందలమందీ రెండువందల తువ్వాళ్ళు పూసమ్మ తువ్వాలు మీద పరిచారు. పూసమ్మ వేలమంది వాటి మీద పరిచారు. దారిన పోయే నలుసుజీవులు కూడా, ఇక్కడ ఏదో పంచిపెడుతున్నారు కాబోలు అనుకుని, తమ తువ్వాళ్ళు తెచ్చి వేశాయి. ఏమి పంచిపెడుతున్నారని ఎవరూ అడగలేదు. అన్నీ తీపిజిగురుతో నేసినవి కావడంతో ఒకదానికొకటి అంటుకుపోయి మెత్తని పరుపులాగా తయారైంది.

ఆ సమయానికి గుప్పమ్మ వచ్చింది. ఈమెకు గాలి గిట్టదు. గాలి తగిలితే తలనొప్పి, వెలుతురు తగిలితే వాంతి. ఎప్పుడూ చిగురు సందున దాక్కుని మూలుగుతూ ఉండేది. ఈమె ఒంటి వాసనకు ఎవరూ దగ్గరికి పోయేవారు కాదు. గుప్పమ్మ పరుపు చుట్టూ తిరిగి, అంచు ఎత్తి, కిందికి దూరింది.

"ఏమే గుప్పమ్మా, అందరూ పైన వేస్తుంటే నువ్వు కింద దూరతావేం?" అన్నారు పూసమ్మలు.

"ఇక్కడ గాలి లేదమ్మా! చీకటి! హాయి! ఇంకో పది తువ్వాళ్ళు వెయ్యండి, మీకు పుణ్యముంటుంది," అంది గుప్పమ్మ కింది నుంచి. అని, సంతోషం పట్టలేక గుప్పున ఒక నిట్టూర్పు విడిచింది.

ఆ నిట్టూర్పు వరహాలు నోటి నుంచి బయటికి వచ్చింది. ఎదురుగా నూకాలు నిలబడి ఉంది. ఆమె నాలుగడుగులు వెనక్కి వేసి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏటి మావా, నోట్లో ఎలకేటైనా సచ్చిందేటి?"

"ఎలక నా నోట్లోకెందుకొస్తాదే?"

"నాకేటి తెలుసు? నువ్వే అడుగు దాన్ని!"

ఇక్కడ నోట్లో యుద్ధం మొదలైంది. పూసమ్మలు నురగనీళ్ళు కాచి పులుసయ్య మీద చల్లారు. ఆ నురగ తగిలితే పులుసయ్యలు బొబ్బలెక్కి చచ్చేవారు. పులుసయ్యలు పులుపు కక్కి పూసమ్మల కళ్ళు మండించారు. అంతటితో ఆగక విషపుగుళికలు తయారుచేసి విసిరారు.

ఆ గుళికల్లో ఒక చిత్రముంది. అవి బాగా దగ్గరి చుట్టాల మీదే పనిచేస్తాయి. పూసమ్మ, పులుసయ్య వరసకు పెద్దనాన్న చిన్నాన్న బిడ్డలు. అందుకని పూసమ్మలు గుళిక తగలగానే పడిపోయేవారు. గుప్పమ్మ మీద నాలుగు గుళికలు పడితే ఆమె వాటిని తలకింద పెట్టుకుని పడుకుంది.

"ఇదేం మందురా? పరాయివాళ్ళకి ఏమీ కాదు, సొంతవాళ్ళు చస్తున్నారు!" అన్నాడు దవడయ్య.

"పరాయివాళ్ళతో మాకేం పగ?" అన్నాడు పులుసయ్య.

వేలమంది చచ్చేవారు. మిగిలినవారు చీలి మళ్ళీ వేలమంది అయ్యేవారు. చచ్చినవాళ్ళ తువ్వాళ్ళు కూడా ఎవరూ తీసేవారు కాదు, అవి పరాయివి కనక. ఏడుపుకు కూడా తీరిక లేదు. "మా అక్క పోయింది!" అని ఒకతె ఏడవబోతే, "ఏ అక్క?" అని పక్కామె అడిగేది. ఇద్దరూ చూసుకుంటే అక్క లాంటివాళ్ళు ఆరువందలమంది కనిపించేవారు. ఎవరు పోయారో తేలక ఏడుపు ఆపేసేవారు.

యుద్ధం వాళ్ళదైనా దెబ్బ దవడయ్యది. పులుసయ్య కక్కిన పులుపు తువ్వాళ్ళ కింద నిలిచిపోయింది. పైన పరుపు ఉండడం వల్ల ఉమ్మి వచ్చి కడగలేదు. ఆ పులుపు దవడయ్య నెత్తిన చుక్కంత గుంట తొలిచింది.

"అయ్యా, నా నెత్తి!" అన్నాడు దవడయ్య.

"కాస్త ఓర్చుకో. ఈ చోటు ఎవరిదో తేలిపోనీ," అన్నాడు పులుసయ్య.

"చోటంటే నేనేనయ్యా! నేను పోతే చోటెక్కడిది?"

ఆ మాట ఎవరూ వినలేదు.

మూడోనాటికి వరహాలు దవడ పట్టుకుని పెనం పక్కన కూలబడ్డాడు. పాకం రుచి చూడలేకపోయాడు. చూసేవాడు లేక పాకం ముదిరిపోయి నల్లగా రాయిలా గట్టిపడింది. నూకాలు పరుగెత్తుకెళ్ళి సిమ్మన్నను పిలుచుకొచ్చింది. సిమ్మన్న ఎద్దులకు నాడాలు కొట్టేవాడు. గిట్టల్లో పాతమేకులు లాగే పటకారుతోనే మనుషుల పళ్ళూ పీకేవాడు.

"కూకో. నోరు తెరు. కాలు తన్నకు," అన్నాడు సిమ్మన్న. ఎద్దులకు చెప్పినట్టే చెప్పాడు.

పటకారు వెలుతురులో తళుక్కుమంది. దవడయ్య చూశాడు. పుట్టినప్పటినుంచి కదలనివాడు మొదటిసారి వణికాడు.

"పెద్దమ్మా! నన్ను పీకేస్తున్నారు!"

నాలుక ఉలిక్కిపడి అందరినీ పిలిచింది. "ఒరే! పన్ను పోతోంది. పన్ను పోతే మీరంతా పోతారు. తక్షణం ఎవరి తువ్వాలు వాళ్ళు తీసెయ్యండి!"

"తప్పకుండా పెద్దమ్మా. ముందు వాళ్ళని తియ్యమనండి," అన్నారు పులుసయ్యలు.

"మా పైన వాళ్ళవి నాలుగువేలున్నాయి పెద్దమ్మా," అన్నారు పూసమ్మలు.

"ఎవరిది ఎవరిదో ఎలా తెలుస్తుంది? అన్నీ అంటుకుపోయాయి. పొరపాటున పరాయివాళ్ళది ముట్టుకుంటే కట్టుబాటు తప్పినట్టు కాదా?" అని ఒక పెద్దమనిషి నలుసు అడిగింది. అందరూ అవునవునని తలలూపారు.

"పన్ను ఊడి బయటపడితే ఈ తువ్వాళ్ళు ఎవరికి చెందుతాయి? అది ముందు తేల్చండి," అన్నాడు పులుసయ్య.

"మాకూ అదే సందేహం," అన్నారు నాలుగువందలమంది.

"నన్నడిగితే ఎవరివీ తియ్యొద్దు," అంది గుప్పమ్మ కింది నుంచి. "నాకు చాలా సుఖంగా ఉంది."

సిమ్మన్న వరహాలు ఛాతీ మీద మోకాలు ఆనించాడు.

అప్పుడు పూసమ్మ వరసలోంచి ఒక్కతే ముందుకు వచ్చింది. మొదట వేసినామె ఆమేనో, ఆమె చీలికో చెప్పలేం. కాని ఆమె తల దించుకుని ఉంది.

"పెద్దమ్మా, రెండో తువ్వాలు నాది. నేను వెయ్యకపోతే మూడోది పడేది కాదు. ఇప్పుడు మాలో ఎవరం తీసినా తప్పే, తీయకపోయినా పన్ను పోతుంది. తువ్వాలు లేనివాడు, మాలో ఎవరికీ చుట్టం కానివాడు వచ్చి తీయాలి. అలాంటివాడు మీకు తెలుసా?"

నాలుక ఆలోచించింది. "తెలుసు. వరహాలు చిన్నతనంలో కడుపులో పురుగులుంటే వాళ్ళమ్మ వేపాకు ముద్ద మింగించింది. ఆ రోజు ఈ నోట్లో ఎవరూ మిగల్లేదు. వేప మొహమాటపడే మనిషి కాదు. కాని అమ్మా, వస్తే నిన్నూ తోసేస్తుంది."

"తోసెయ్యనివ్వండి. దవడయ్య ఉండాలి."

 గుప్పమ్మ సైతం నిట్టూర్పు ఆపుకుంది.

నాలుక ఎన్నడూ తన మాట తాను చెప్పలేదు. వరహాలు ఏది అనుకుంటే అది పలకడమే ఆమె పని. ఆ కట్టుబాటు ఆమె ఒక్కసారి తప్పింది.

"సిమ్మన్నా, పీకెయ్!" అందామని వరహాలు నోరు తెరిచాడు.

"నూకాలూ, వేపపుల్ల తే!" అంది నాలుక.

సిమ్మన్న పటకారు ఆపాడు. నూకాలు వెనక్కి తిరిగి చూసింది. అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయినవాడు వరహాలే.

"ఏటన్నావు మావా?"

"నేనేటీ అన్లేదే!"

"అన్నావు. వేపపుల్లన్నావు. నేనూ యిన్నాను, సిమ్మన్నా యిన్నాడు."

"అన్నావయ్యా," అన్నాడు సిమ్మన్న. "గానుగెద్దు కూడా యిన్నాది."

వరహాలు ఇరుకున పడ్డాడు. అందరి ముందూ అన్న మాటను అనలేదని ఎలా బుకాయించడం? "అన్నాను లెండి. అన్నానంటే దానికో కారణముంటాది. పుల్ల తే," అన్నాడు.

నూకాలు పెనం పక్కనున్న వేపకొమ్మ విరిచి పుల్ల తెచ్చింది. దాన్ని ఏం చెయ్యాలో వరహాలుకు తెలియలేదు. తెలియదని చెప్పలేక నోట్లో పెట్టుకుని నమిలాడు. కొస కుంచెలా చీలింది. దానితో నొప్పి ఉన్నచోట రుద్దాడు.

వేపపుల్ల లోపలికి వచ్చింది. దాని ముఖం చూడగానే నలుసుజీవులు ఒకదాని వెనక ఒకటి నక్కాయి.

"ఈ చోటు ఎవరిది?" అంది వేపపుల్ల.

"నాది!" అన్నారు అందరూ.

"మంచిది," అంది వేపపుల్ల. ఒక్క తుడుపు తుడిచింది.

పై తువ్వాళ్ళు పోయాయి. ఇంకో తుడుపుకు కింది తువ్వాళ్ళు పోయాయి. పులుసయ్యలు పోయారు, పూసమ్మలు పోయారు. పరుపు లేచి గాలి తగిలేసరికి గుప్పమ్మ "నా తల! నా తల!" అంటూ పోయింది. "నాకు గాలి పడదు, నన్ను వదిలెయ్" అంటే, "నాకు నువ్వు పడవు" అంది వేపపుల్ల. ఇందాక ముందుకొచ్చి మాట చెప్పిన ఆ పూసమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దవడయ్య అంచున నిలబడి ఉంది. ఆమెనూ తుడిచింది. ఆమె ఒక్కతే పక్కకు తప్పుకోలేదు.

వరహాలు థూ అని ఉమ్మాడు. పెనం కింది బూడిదలో అంతా కలిసిపోయింది.

దవడయ్య నెత్తి మీద గాలి తగిలింది. గుంట అలాగే ఉంది గాని, ఇక పెరగలేదు. నొప్పి తగ్గింది. వరహాలు నోరు మూసి తెరిచి చూసుకున్నాడు. సిమ్మన్న పటకారు నడుముకు దోపుకుని, ముదిరిన పాకంలోంచి ఒక గడ్డ పగలగొట్టుకుని వెళ్ళిపోయాడు. దాన్ని కొరకబోయి తన పన్నే విరగ్గొట్టుకున్నాడని తరవాత తెలిసింది.

పోయేముందు వేపపుల్ల నాలుకతో చెప్పింది. "సందుల్లో ఒక్కొక్కళ్ళు దాక్కున్నారు. వాళ్ళు మారరు. నన్ను ఒకసారి పిలిచి ఊరుకుంటే లాభం లేదు. రోజూ పిలవండి."

అది నిజమే. రెండు పళ్ళ సందున ఒక పూసమ్మ, ఒక పులుసయ్య, చిగురు కింద ఒక గుప్పమ్మ మిగిలారు. నాలుక వాళ్ళను కూర్చోబెట్టి, చచ్చినవాళ్ళ పేరు చెప్పి ఒట్టు వేయించింది. ఇక ఎన్నడూ తువ్వాలు వెయ్యబోమని ముగ్గురూ ఏడుస్తూ ప్రమాణం చేశారు. ఆ ఏడుపు నిజమైనదే.

వరహాలు పడుకున్నాడు. నాలుక కూడా కునుకు తీసింది.

పూసమ్మ పులుసయ్య వైపు చూసింది. "ఇతను వెయ్యడు. వేస్తాడా? వెయ్యడు. ఒకవేళ వేస్తే?" అనుకుంది. పులుసయ్య పూసమ్మ వైపు చూశాడు. అతనూ అదే అనుకున్నాడు. కాసేపు ఇద్దరూ ఒకరినొకరు చూసి చిరునవ్వు నవ్వుకున్నారు. తరవాత పూసమ్మ, ఆ పాత పూసమ్మ గుర్తొచ్చి కళ్ళు తుడుచుకుంటూనే, అంచులు సమంగా సరిచేసి, దవడయ్య మీద తువ్వాలు పరిచింది.

అప్పటినుంచే మనం నిద్రపోయినప్పుడల్లా పూసమ్మ వాళ్ళు అందరికంటే ముందు వచ్చి పళ్ళ మీద తువ్వాళ్ళు పరుస్తారు, వాటి మీద పులుసయ్య వాళ్ళు వేస్తారు, కింద గుప్పమ్మ దూరుతుంది. పొద్దున లేచేసరికి పళ్ళ మీద చేతికి తగిలే ఆ మెత్తని పాచి అదే. నోటి కంపు గుప్పమ్మ నిట్టూర్పు. నిన్న తోముకున్నాను కదా అని ఈ రోజు ఊరుకోవడానికి లేకపోయింది. కళ్ళు తెరవగానే, మనం చెప్పకుండానే, నాలుక తనంతట తాను దవడపన్ను దగ్గరికి వెళ్ళి తడిమి చూసుకుంటుంది. ఈ రోజైనా ఎవరూ తువ్వాలు వెయ్యలేదేమోనని.